తిరగేసిన గోపురం

"ఏమీ రానివారికి కంప్యూటర్ నేర్పబడును" అని బోర్డు మీద రాసి ఉంది. ఆదోనిలో చోటే సాబ్ సైకిల్ షాపు పక్కన, మేడకు పోయే మెట్ల దగ్గర వేలాడదీశారు. ఏమీ రానివారికి అన్న మాట కింద ఎర్రగీత కూడా గీశారు. నలభై మూడేళ్ళ జీవితంలో నన్ను ఉద్దేశించి ఇంత సూటిగా బోర్డు రాసినవాళ్ళు ఇంకెవరూ లేరు. నూలు తీసుకోవడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాణ్ణి, నూలు సంగతి మరిచిపోయి మెట్లెక్కాను.

ఇది ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలం మాట. నాకు అప్పటికి ముప్పై ఏళ్ళుగా మగ్గమే పని. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి ఇంటికొస్తే మా నాయన మోకాలు వాచి, మగ్గం గుంతలో దిగలేక గోడకు ఆనుకొని ఉన్నాడు. "రెండ్రోజులు కూసో రా లచ్చప్పా," అన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా అయిపోలేదు.

అయితే బడి మీద నాకు ఒక కోపం మిగిలిపోయింది. మద్దిలేటి అని నా పక్కన కూర్చునేవాడు. లెక్కలన్నీ నా పలకలో చూసి దింపుకునేవాడు. ఒకరోజు ఇద్దరి పలకల్లో ఒకే తప్పు కనిపించింది. లెక్కల సారు ఇద్దరి చొక్కాల వైపూ చూశాడు. వాడి చొక్కాకు గుండీలన్నీ ఉన్నాయి, నా చొక్కాకు రెండే ఉన్నాయి. కాబట్టి నేనే వాడి పలకలో చూశానని తేల్చి, నన్ను బెంచీ మీది నుంచి లేపి నేల మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు మద్దిలేటి ఏదో ఆఫీసులో కుర్చీ మీద కూర్చుంటాడు. ఎప్పుడైనా పని పడి పోతే, సంతకం ఎక్కడ పెట్టాలో నాకు వేలితో చూపిస్తాడు. నా పేరు రాయడం నాకు వచ్చునన్న సంగతి వాడు నమ్మడు.

సరే, మెట్లెక్కాను. పైన ఒక గది. అందులో ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ, దాని ముందు మీటలున్న చిన్న డబ్బా. ఇదేనా కంప్యూటర్ అంటే, పెద్ద రేడియో అంత కూడా లేదే అనుకున్నాను. మూడు వైరు కుర్చీలు, ఒక బల్ల. బల్ల వెనక ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. చోటే సాబ్ కూతురు, పేరు మున్వర్. హైదరాబాదులో నేర్చుకొని వచ్చిందట. ఫారం తీసి లక్ష్మప్ప అని నా పేరూ, ఊరూ రాసుకుంది.

"ఏం సదువుకున్యావన్నా?"

"ఏడు."

కలం ఆగిపోయింది. "టెన్త్ లేకపోతే కర్నూల్లో మా హెడ్డాఫీసు వాళ్ళు ఒప్పుకోరన్నా."

"కింద బోర్డు మీద ఏమీ రానోళ్ళకి అని రాసినారు గదమ్మా?"

ఆ అమ్మాయి కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ఏమీ రానోళ్ళంటే... పది పాసయి ఏమీ రానోళ్ళు అన్నా."

చదువు సంగతి నాకు అప్పటికి పూర్తిగా అర్థమయింది. ఏమీ రాకపోవడానికి కూడా సర్టిఫికెట్ ఉండాలన్నమాట. లేచి మెట్లు దిగాను.

కిందికి వచ్చేసరికి ఆకాశం ఉరిమింది. ఎండాకాలపు వాన, ధబధబా కొట్టింది. షాపులోనే నిలబడిపోయాను. కాసేపటికి మున్వర్, ఆమె వెనక ముగ్గురు పిల్లగాళ్ళు కిందికి దిగి వచ్చారు. ఆ ముగ్గురూ ఇరవయ్యో ఏట ఉన్నవాళ్ళు. గూడూరు నుంచి గోవిందు, సి.బెళగల్ నుంచి మాబు సాబ్, ఆదోనిలోనే ఉండే అయ్యన్న. మొదటి క్లాసట. మొదటి క్లాసు కంప్యూటర్ దగ్గర కాదట, సైకిల్ షాపులోనట.

మున్వర్ వాళ్ళ నాయన దగ్గర ఒక ట్యూబు తీసుకొని చేత్తో పట్టుకుంది. పక్కన నీళ్ళ తొట్టి ఉంది.

"ఇప్పుడు నేనే కంప్యూటర్ని," అంది. "నాకు ఓపిక ఉంది, బుద్ధి లేదు. మీరు సెప్పింది సెప్పినట్టు చేస్తా. సెప్పనిది సచ్చినా చెయ్యను. ఈ ట్యూబులో పంచరు యాడుందో నాతో పట్టియ్యండి. ఇదే మొదటి లెక్క."

గోవిందు ముందుకొచ్చాడు. ఇంటర్ పాసయినవాడు, మెడలో రుమాలు, నోటిలో ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. "ఇదొక లెక్కనా మేడమ్? ట్యూబు నీళ్ళలో ముంచు."

ముంచింది. ముంచి అలాగే పట్టుకొని నిలబడింది.

"ఏం మేడమ్, ఊరికే ఉండావు?"

"ముంచమన్యావు, ముంచినా. గాలి కొట్టమని సెప్పినావా?"

"అయితే గాలి కొట్టు."

పంపు తీసుకొని కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూనే ఉంది. ట్యూబు గుమ్మడికాయ లాగా ఉబ్బింది. చోటే సాబ్ చేతిలో పానా పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"బస్ బస్, బేటీ! పగుల్తాది! కొత్త ట్యూబది!"

"ఎంతవరకు కొట్టాలో ఈయన సెప్పలేదు అబ్బా," అంది మున్వర్ చెమట తుడుచుకుంటూ.

అందరూ నవ్వారు. గోవిందు నవ్వలేదు. కొంచెం గాలి తీయించి, ఈసారి జాగ్రత్తగా చెప్పాడు. "ట్యూబు జానెడు నీళ్ళలో ముంచు. బుడగలొస్తాండాయా చూడు. రాకుంటే ఇంకో జానెడు ముంచు. బుడగలు వచ్చేదాకా ఇట్లే చెయ్యి."

మున్వర్ అలాగే చేసింది. జానెడు ముంచింది, చూసింది, తిప్పింది. ముంచింది, చూసింది, తిప్పింది. వాన తగ్గింది. ఎదురు అంగట్లో వాడు టీ తాగి గ్లాసు కడిగి పెట్టాడు. ఆమె ఇంకా తిప్పుతూనే ఉంది. చున్నీ చివర తడిసి నీళ్ళు కారుతున్నాయి. గోవిందు నమలడం ఆపేశాడు.

నేను ఆగలేకపోయాను. నా నోరు అంతే. "ఓయప్పా, ఆ ట్యూబులో పంచరే లేదు. ఆయమ్మి పాపం ఉగాది దాకా తిప్పుతానే ఉంటాది. యాడ మొదలుపెట్టినామో గుర్తు పెట్టుకోవల్ల గదా? వాల్వు కాడ మొదలుపెట్టు. మళ్ళా వాల్వు చేతికొచ్చిందంటే నిలిపెయ్యి. పంచరు లేదని సెప్పు."

మున్వర్ ట్యూబు తొట్టిలో వదిలేసి నావైపు చూసింది. "ఇది నీకెట్ల తెలుసన్నా?"

"పడుగులో పోగు తెగితే యాడ తెగిందో ఎతుక్కోవల్ల. మొదటి పోగుకి గుర్తు పెట్టుకోకుంటే సాయంత్రం దాకా ఎతుకుతానే ఉంటాం. ఇందులో ఏముంది?"

"కంప్యూటర్లో ఇదే పెద్ద సంగతన్నా. హైదరాబాదులో నాకిది తలకెక్కడానికి వారం పట్టింది." ఆమె చున్నీ పిండుకుంటూ కాసేపు ఆలోచించింది. "నెలకి కర్నూలు సారు పరీక్షకి వస్తాడు. టెన్త్ లేనోళ్ళు ఆ పరీక్ష పాసయితే పేరు రాసుకోవచ్చని రూల్లో ఒక మూల ఉంది. అంతవరకు వచ్చి కూసో. కాకపోతే కుర్చీలు మూడే ఉండాయి."

"స్టూలు ఉంది తీసుకుపో," అన్నాడు చోటే సాబ్. చక్రాలు బిగించేటప్పుడు ఆయన కూర్చునే స్టూలు అది. మూరెడు ఎత్తు కూడా లేదు. నూనె మరకలతో నల్లగా ఉంది.

అలా నేను మళ్ళీ బడిలో చేరాను, మళ్ళీ నేల మీదే. కుర్చీల్లో పదో తరగతి పాసయినవాళ్ళు. స్టూలు మీద నేను, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు.

క్లాసులు ఆదివారాలే. ఆ తరువాత ప్రతి ఆదివారం మా ఇంట్లో ఇదే మాట.

"యాడికి పోతాండావు తెల్లచొక్కా ఏసుకోని?" అంటుంది నా భార్య హులిగమ్మ.

"సదువుకోను."

"మంచిది. పలక పగలగొట్టుకోని రావాకు."

మున్వర్ పాఠం చెప్పదు. అది ఆమె పద్ధతి. ముందు లెక్క ఇస్తుంది. తన్నుకు చావమంటుంది. ఇక చేతకాదు అనే చోట, దానికి కావలసిన మాట ఒక్కటి ఇస్తుంది. ఆ మాట అప్పుడు దాహానికి నీళ్ళలాగా ఉంటుంది. రెండో వారం లెక్క ఇది: మార్కెట్ యార్డులో పది పత్తి బోరాలు ఒకదాని తరువాత ఒకటి కాటా మీదికి వస్తాయి. ఒకసారి దిగిన బోరా మళ్ళీ కాటా ఎక్కదు. అన్నిటికంటే బరువైనది ఏదో చెప్పాలి. అయ్యన్న పది అంకెలూ కాగితం మీద రాసుకొని పేర్చడానికి చూశాడు. నేను ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలన్నాను. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో పెద్దది ఏదో, అది. కొత్తది దానికంటే పెద్దదైతే పాతదాన్ని మరిచిపోతాను. మరిచిపోవడం నాకు బాగా వచ్చు, ముప్పై ఏళ్ళుగా అదే పని.

టైపు చేయడంలో మాత్రం నేను దండగ. కోడి గింజలు పొడిచినట్టు ఒక్క వేలితో పొడుస్తాను. ఒక అక్షరం తప్పితే ఆ డబ్బా తప్పుందని టీవీ మీద రాస్తుంది. ఏం తప్పో చెప్పదు, ఎందుకో చెప్పదు. మా మామ అచ్చం ఇలాగే ఉండేవాడు. పైగా ఆదోనిలో ఆ ఎండాకాలం పగలు పన్నెండు కొడితే కరెంటు పోయేది. పోతే అంతవరకు కొట్టినదంతా మాయం. అందుకని అందరం నోటుబుక్కులో ముందుగా రాసుకొని వచ్చేవాళ్ళం.

నాలుగో వారంలో కర్నూలు నుంచి పరీక్ష లెక్క వచ్చింది. వారం గడువు. తొమ్మిది వరుసల గోపురం గీయాలి, చుక్కలతో. పై వరుసలో ఒక చుక్క, దాని కింద మూడు, దాని కింద అయిదు. ఇలా అడుగున పదిహేడు వచ్చేదాకా. తొమ్మిది వరుసలూ తొమ్మిది సార్లు రాయకూడదు. ఒక్కసారి రాసి, కంప్యూటర్‌తో తొమ్మిదిసార్లు తిప్పించాలి.

చూడగానే నవ్వొచ్చింది. గోపురం బార్డరు నేను నేసినన్ని ఎవరు నేశారు? నా తువ్వాలుకే ఉంది. కానీ నేయడం వేరు, చెప్పి చేయించడం వేరు. చేతులకు తెలిసిన సంగతి నోటికి తెలియదని మొదటిసారి తెలిసింది. మూడు రోజులు మగ్గంలో కూర్చొని గొణుక్కున్నాను. హులిగమ్మ రెండుసార్లు వచ్చి నుదురు తాకి చూసి పోయింది. నాలుగో రోజు చిక్కింది. వరుస నంబరు ఎంతో తొమ్మిదిలోంచి తీసేస్తే పక్కన ఎంత రావాలో వస్తుంది. వరుస నంబరుకు అంతే కలిపి, ఒకటి తీసేస్తే మధ్యలో ఎంత రావాలో వస్తుంది. అంతే. పక్క, మధ్య, మళ్ళీ పక్క. మూడు తిప్పుళ్ళు. నోటుబుక్కులో పదమూడు లైన్లు రాశాను. మగ్గం మీద ఉన్న బట్టతో పక్కన పెట్టి సరిచూసుకున్నాను. అచ్చు గుద్దినట్టు ఉంది.

ఆదివారం బస్సులో గోవిందు, మాబు సాబ్ ముందే ఉన్నారు. ఇద్దరూ మా ఊరి మీదుగానే వచ్చేవాళ్ళు.

"రాన్నా, రా," అని గోవిందు నాకు కిటికీ సీటు ఇచ్చాడు. వాడు ఇంతవరకు నన్ను అన్నా అని పిలిచింది లేదు, స్టూలప్ప అనేవాడు. అప్పుడే అనుమానపడాల్సింది. "ఏమన్నా, గోపురం కట్టినావా?"

"కట్టినా."

"యాది, సూడనీ. మాది కూడా అయిపోయింది గానీ, సరిపోతాదా లేదా అని."

ఇచ్చాను. గొప్ప అనుకోండి, ఇంకేమైనా అనుకోండి. ఏడో తరగతి వాడి పుస్తకం ఇంటర్ పాసయినవాడు అడిగాడు, ఇవ్వకుండా ఎట్లా ఉంటాను? కిటికీలోంచి గాలి చల్లగా తగిలి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఆదోని బస్టాండు. నోటుబుక్కు నా ఒళ్ళో పద్ధతిగా పెట్టి ఉంది. మాబు సాబ్ కలానికి మూత పెడుతున్నాడు.

"ఏమప్పా మాబూ, ఏం రాస్తాంటివి?"

"ఉత్తరమన్నా, మా అమ్మకి," అన్నాడు వాడు. వాళ్ళమ్మకు చదువు రాదు.

కర్నూలు సారు పదకొండుకు వచ్చాడు. సఫారీ సూటు, చేతిలో తోలు సంచి. చోటే సాబ్ పైదాకా వచ్చి టీ ఇచ్చి, పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. సారు ఫారాలన్నీ తిరగేసి నా దాని దగ్గర ఆగాడు.

"ఏడో తరగతా? సరే, చివర చూద్దాం. ఒకటి గుర్తుంచుకోండి. పాసైతేనే పేరు రాసుకునేది. లేకపోతే ఇవాళే ఆఖరు."

మొదట గోవిందు. నోటుబుక్కులో చూసి చకచకా కొట్టాడు. టీవీ నిండా తెల్ల చుక్కలు వచ్చాయి. కుడి పక్క చుక్కలు, ఎడమ పక్క చుక్కలు, నడుమ నల్లగా గోపురం ఆకారం. అడుగు వరుసలో ఏమీ లేదు.

సారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "గోపురం ఏది? గోపురం ఉండాల్సిన చోట ఏమీ లేదు. చుట్టూ ఆకాశం గీశావు. తప్పు. తరువాత."

మాబు సాబ్ కొట్టాడు. అదే బొమ్మ. సారు కనుబొమలు పైకి లేచాయి. అయ్యన్న కొట్టాడు. వాడు గోవిందు పుస్తకంలో చూసి మెట్ల మీద రాసుకున్నాడు, తొమ్మిది చోట ఆరు పడింది. అదే బొమ్మ, పొట్టిది.

చివరికి నేను. స్టూలు లాక్కొని ఒక్క వేలితో పొడవడం మొదలుపెట్టాను. పదమూడు లైన్లకు పావుగంట పట్టింది. ఏం వస్తుందో అందరికీ ముందే తెలుసు. అదే వచ్చింది.

"నలుగురికీ ఒకటే తల అన్నమాట," అన్నాడు సారు. "ఒకే తప్పు నలుగురు విడివిడిగా చేయరు. ఎవరో ఒకరు చేశారు, మిగతావాళ్ళు చూసి రాశారు." ఫారాలు మళ్ళీ తీశాడు. ఇంటర్, ఇంటర్, పది, ఏడు. కళ్ళు ఏడు దగ్గర ఆగాయి. "నువ్వు వీళ్ళతో పాటే బస్సులో వస్తావా?"

"వస్తా సార్."

"పక్కపక్కనే కూర్చుంటారా?"

"కూసుంటాం సార్," అన్నాడు గోవిందు, నాకంటే ముందుగా, నేల చూస్తూ. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

సారు కలం మూత తీశాడు. నా ముప్పై ఏళ్ళ కిందటి లెక్కల సారు ఎదుట నిలబడ్డట్టే అనిపించింది. చొక్కా గుండీలు తడుముకున్నాను. ఈసారి అన్నీ ఉన్నాయి, అయినా అదే కథ.

"సార్," అన్నాను, "ముందు ఒక మాట. దాంట్లో తప్పేముంది? సరిగ్గానే ఉంది గదా?"

గదంతా గొల్లుమంది. మున్వర్ తల పట్టుకుంది.

"సరిగ్గా ఉందా? గోపురం ఎక్కడుంది?"

"అదో, నడుమ. నల్లగా..." అని వేలు చూపించబోయి ఆగిపోయాను. టీవీ వైపు చూశాను. భుజం మీది తువ్వాలు వైపు చూశాను. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నేను ఒక్కణ్ణే నవ్వుతుంటే మిగతావాళ్ళు మానేశారు.

"సార్, తప్పే. ఒప్పుకుంటా. కానీ ఈ తప్పు నాది. పది పాసయినోళ్ళు ఎవ్వరూ ఇట్లాంటి తప్పు చెయ్యలేరు, వాళ్ళకి చేతకాదు."

"అంటే?"

తువ్వాలు తీసి బల్ల మీద పరిచాను. అంచు పొడవునా ఎర్ర గోపురాలు, వరుసగా. "ఇది నేను నేసిందే సార్. ఇది ముఖం. గోపురం ఎర్రగా ఉంది, సుట్టూ తెలుపు." తిరగేశాను. "ఇది ఎనక. సూడండి." వెనకవైపు రంగు పోగు గోపురాల మధ్యన తేలి పడి ఉంటుంది. ఎర్రదనమంతా చుట్టూ, నడుమ తెల్లటి గోపురం ఖాళీ. టీవీ మీద ఉన్నది అదే బొమ్మ. నలుపు తెలుపుల్లో ఉంది, అంతే తేడా.

"మేము బట్ట బోర్లా నేస్తాం సార్. ముఖం కిందికి ఉంటాది. మగ్గం మీద మా కండ్లకి కనపడేది ఎప్పుడూ ఎనకవైపే. ముప్పై ఏండ్లుగా నేను గోపురం ఇట్లే సూసినా. రాయమంటే సూసిందే రాసినా. మగ్గం మీది బట్టతో సరి కూడా సూసుకున్యా, సరిపోయింది."

సారు తువ్వాలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. టీవీకి దగ్గరగా పెట్టి చూశాడు. "మరి ముఖం సరిగ్గా వచ్చిందో లేదో మీకెలా తెలుస్తుంది?"

"గుంతలో కాళ్ళ కాడ అద్దం పెట్టుకుంటాం సార్. అప్పుడప్పుడు వొంగి సూసుకుంటాం. ఈ డబ్బా కింద అద్దం పెట్టుకోవల్లని నాకు తట్టలేదు."

తలుపు దగ్గర చోటే సాబ్ "వాహ్!" అన్నాడు. సారు అటు చూసేసరికి గోడ వైపు తిరిగాడు.

సారు గోవిందు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. పక్కన చుక్కలు, మధ్యలో ఖాళీ ఎందుకు పెట్టావు?"

గోవిందు నోరు తెరిచాడు. అందులో ఏమీ లేదు, నమలడానికి కూడా.

"మీ ఇంట్లో మగ్గం ఉందా?"

"లేదు సార్. బర్రెలు ఉండాయి."

"నువ్వు?" మాబు సాబ్‌ను అడిగాడు.

"మాకు వేరుశనక్కాయ సేను ఉంది సార్," అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో. "అన్న పుస్తకంలో సూసే రాసినాం సార్. బస్సులో."

సారు కలానికి మూత పెట్టలేదు. "సరే. కాపీ ఎవరిదో తేలింది. కానీ తప్పు తప్పే కదా, లక్ష్మప్పా? గోపురం రాకుండా పాసని ఎలా రాయను?" గడియారం చూశాడు. "పన్నెండుకు పది నిమిషాలు ఉన్నాయి. సరిచేస్తావా?"

పన్నెండుకు కరెంటు పోతుంది. ఆ సంగతి సారుకు తెలియదు, మాకు తెలుసు. స్టూలు మీద కూర్చున్నాను. ఏం మార్చాలో నాకు ఒక్క క్షణంలో తెలిసింది. చుక్క ఉన్న చోట ఖాళీ, ఖాళీ ఉన్న చోట చుక్క. మూడు లైన్లు. మిగతాది ముట్టుకోనక్కరలేదు. తెలియడం ఒక ఎత్తు, ఒక్క వేలితో పొడవడం ఇంకో ఎత్తు. మొదటి లైను కొట్టాను. రెండోది కొట్టాను. తప్పుందంది డబ్బా. మా మామను తలుచుకొని తిట్టాను.

"కొటేషన్ గుర్తు మరిచిపోయినావన్నా," అంది మున్వర్, గొంతులోంచి మాట బయటికి రానంత చిన్నగా.

"మేడమ్, మీరు మాట్లాడకూడదు," అన్నాడు సారు.

"నేను ఏమీ సెప్పలేదు సార్. తప్పుందని మిషన్ సెప్పింది."

రెండోది మళ్ళీ కొట్టాను. మిల్లు పన్నెండు గంటల సైరను కొంచెం ముందుగానే మోగింది, దాని పద్ధతే అది. చెమట మీటల మీద పడుతోంది. మూడోది. చోటే సాబ్ ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి. రన్ అని కొట్టాను.

ఒక చుక్క. మూడు. అయిదు. టీవీ పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది, ఎవరో ఇటుకలు పేరుస్తున్నట్టు. పదమూడు, పదిహేను. అడుగున పదిహేడు. తెల్లగా, నిండుగా, ఎవరు చూసినా గోపురమే అనేటట్టు గోపురం.

అప్పుడే ఫ్యాను చప్పుడు ఆగింది. గోపురం ఒక చుక్కంతగా ముడుచుకొని, టీవీ నడుమ మెరిసి మాయమయింది.

"సూసినారా సార్?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది.

సారు కొంచెంసేపు చీకటి టీవీనే చూశాడు. ఆ కొంచెంసేపట్లో ఏడో తరగతి నుంచి ఇక్కడిదాకా జరిగిందంతా నా తలలో మళ్ళీ తిరిగి వచ్చింది, బుడగలు రాని ట్యూబు లాగా.

"చూశాను," అన్నాడు. "పదిహేడు కూడా లెక్కపెట్టాను." ఫారం మీద ఏడు అన్న అంకె పక్కన ఏదో రాసి సంతకం పెట్టాడు. తరువాత ఫారం నావైపు తిప్పాడు. "మీరూ సంతకం పెట్టండి." ఎక్కడ పెట్టాలో వేలితో చూపించలేదు. నేనే వెతుక్కున్నాను.

మిగతా ముగ్గురికీ మళ్ళీ వారం గడువిచ్చాడు. ఈసారి గోపురం కాదు, ఎవరి లెక్క వాళ్ళకు వేరు. పోతూ పోతూ తువ్వాలు మీద ఇంకోసారి చేయి వేసి, ఇలాంటిది ఒకటి కావాలంటే దొరుకుతుందా అని అడిగాడు. ముఖం వైపుదా, వెనక వైపుదా అన్నాను. నవ్వకుండా మెట్లు దిగాడు గానీ, కింద ఆయన నవ్వు వినిపించింది.

మున్వర్ అటెండెన్సు పుస్తకం తీసి, ఇంతవరకు పెన్సిలుతో ఉన్న నా పేరు మీద ఇంకుతో దిద్దింది. "లచ్చప్పన్నా, ఇంక స్టూలు వొద్దు. కుర్చీలో కూసో."

గోవిందు లేచాడు. వాడికి ఎవరూ చెప్పలేదు, తనంతట తానే లేచాడు. కుర్చీని రుమాలుతో తుడిచి నావైపు జరిపాడు. తరువాత స్టూలు మీద కూర్చున్నాడు. వాడు పొడుగు, మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి.

"అన్నా," అన్నాడు అక్కడి నుంచి, "వచ్చే వారం నా లెక్క నువ్వు చెయ్యొద్దులే. యాడ మొదలుపెట్టల్లో ఒక్కటే సెప్పు సాలు."

"వాల్వు కాడ," అన్నాను.

కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ తరువాత దొరికిన కుర్చీ కదా అని నిదానంగా, అనుభవించుకుంటూ కూర్చున్నాను. కూర్చోగానే కింద ఏదో కసుక్కున గుచ్చుకుంది. లేచి వంగి చూశాను. వైరు ముడులన్నీ పైకి ఉన్నాయి. నున్నటి ముఖమంతా కింద, నేల చూస్తోంది. అల్లినవాడెవడో గానీ, బోర్లా అల్లాడు. మా వాడే అయి ఉంటాడు.